‘ఈ రోజు సెలవా?’ అని అడిగితే ఏం చెప్పను?

విశాఖపట్నంలో కూర్మన్నపాలెం నుంచి ఒక పాఠకుడు ఆరు పేజీల ఉత్తరం పంపారు. రూళ్ల కాగితం మీద చేత్తో రాసినది. పేరు రాయలేదు, రాసినా ఇక్కడ వేసేవాళ్లం కాదు. ఉత్తరం మొత్తానికి చోటు చాలదు కనుక సంగతులు క్లుప్తంగా చెబుతాను.

ఆయన వయసు 46. పరవాడ వైపు ఒక ఫ్యాక్టరీలో 19 ఏళ్లు బాయిలర్ నడిపారు. బాయిలర్ నడిపేవాళ్లకిచ్చే ఫస్ట్ క్లాస్ సర్టిఫికెట్ ఉంది. మొన్న ఏప్రిల్‌లో యూనిట్ మూసేశారు. ఒక్కసారిగా 140 మంది బయటికొచ్చారు. చివరి రోజు స్వీట్ బాక్సు, సెటిల్‌మెంట్ కాగితం చేతిలో పెట్టి పంపించారట. గ్రాట్యుటీ, మిగతావి కలిపి 11 లక్షలు వచ్చాయి. ఇల్లు సొంతం, లోను తీరిపోయింది. ఇంట్లో ఆవిడ బ్లౌజులు కుడతారు. పాప ఇంటర్ సెకండియర్, బాబు తొమ్మిదో తరగతి.

“డబ్బుకి ఇప్పటికిప్పుడు ఇబ్బంది లేదు మేడమ్. జాగ్రత్తగా వాడుకుంటే ఏడాదిన్నర లాగొచ్చు. మరి నేనెందుకు ఇలా అయిపోతున్నాను?” అని అడుగుతున్నారు.

అలారం లేకుండానే 4:30కి మెలకువ వచ్చేస్తుంది. ఐదూ పదికి సందు చివర వేరే కంపెనీ బస్సు హారన్ కొడుతుంది. అది వెళ్లిపోయేదాకా డాబా మీద నిలబడి, కిందకి వచ్చి మళ్లీ పడుకుంటారు. లేచేసరికి పది. పేపరు ఒళ్లో పెట్టుకుంటారు గానీ చదవరు. చేతి వాచీ జూన్‌లో ఆగిపోయింది, బ్యాటరీ వేయించలేదు. చిన్నదానికీ పెద్దదానికీ పిల్లల మీద అరుస్తున్నారు. ఈయన హాల్లో కూర్చుని ఉండటం చూసి, కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్లు ‘తర్వాత వస్తాంలే వదినా’ అని గుమ్మంలోంచే తిరిగి వెళ్లిపోతున్నారు. ఎదురింటాయన కనబడినప్పుడల్లా ‘ఏంటండీ, ఈ రోజు సెలవా?’ అంటాడు. మొదటి నెలలో ‘అవునండీ’ అనేశారు. ఎనిమిది నెలలయ్యాక ఏం చెప్పాలో తెలియక, ఆయన స్కూటర్ చప్పుడు వినపడితే చాలు లోపలికి వెళ్లిపోతున్నారు.

చేతిలో నాలుగు దారులున్నాయి. గుజరాత్‌లోని దహేజ్‌లో బాయిలర్ ఉద్యోగం, పాత జీతం మీద ఆరు వేలు ఎక్కువ, జనవరి 20 లోపల మాట చెప్పాలి. మధురవాడలో ఒక అపార్ట్‌మెంటుకి సెక్యూరిటీ సూపర్‌వైజర్, రోజుకి 12 గంటలు, నెలకి 14 వేలు. బావమరిది పెడతానంటున్న టిఫిన్ సెంటర్‌లో భాగం, ఈయన వాటా ఆరు లక్షలు. లేదంటే ఇక్కడే ఉండి వెతుక్కోవడం.

ఇవన్నీ ఒక ఎత్తు, సంక్రాంతి ఒక ఎత్తు. పాలకొండ దగ్గర పల్లెలో ఉన్న నాన్నగారికి ఉద్యోగం పోయిన విషయం ఇంకా తెలియదు. “మా నాన్న జూట్ మిల్లులో పనిచేశారు. లాకౌట్లలో కూడా మా ముగ్గురినీ పస్తు పడుకోనివ్వలేదు. ఆయనకి నా మొహం ఎలా చూపించను?” అని ఉత్తరం ముగించారు.

* * *

మీరు అడిగిన వరసలో కాకుండా నా వరసలో జవాబిస్తాను, ఏమీ అనుకోకండి.

నాలుగో పేజీలో ఒక వాక్యం రాసి కొట్టేశారు. రెండు గీతలు పెట్టారు గానీ కింద అక్షరాలు కనిపిస్తున్నాయి. ‘నేను లేకపోతే ఇన్సూరెన్స్ డబ్బులైనా...’ అని ఉంది. దాన్ని చదవనట్టు నటించి ఉద్యోగాల గురించి మాట్లాడటం నాకు చేతకాదు. ఆ ఆలోచన ఒకసారి వచ్చి పోయిందా, రోజూ వస్తోందా, ఎలా చేయాలన్నదాకా వెళ్లిందా? ఈ మూడింటికీ జవాబు నాకు రాయనక్కర్లేదు. ఈ రాత్రి పిల్లలు పడుకున్నాక మీ ఆవిడకి చెప్పండి. నోరు రాకపోతే ఆ నాలుగో పేజీ జిరాక్సు చేతిలో పెట్టండి. టెలీ మానస్ అని ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, 14416. డబ్బు పడదు, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ పేరు వినగానే మనవాళ్లు ఎగతాళిగా మాట్లాడతారని తెలుసు. ఓపీకి వెళ్లి గంట కూర్చుని చూడండి, క్యూలో ఉండేది మీలాంటివాళ్లే, సంచిలో నీళ్ల సీసా, చేతిలో చీటీ. తెల్లవారుజామునే మెలకువ రావడం, దేని మీదా ధ్యాస నిలవకపోవడం, ఊరికే కోపం రావడం, వీటికి తోడు ఆ కొట్టేసిన వాక్యం. ఇది డిప్రెషనో కాదో ఉత్తరం చూసి తేల్చేది కాదు, డాక్టరు ఎదుట కూర్చుని తేల్చుకోవాల్సింది. కింద నేను చెప్పేవాటిలో మీకు నచ్చింది తీసుకోండి, నచ్చనిది వదిలేయండి. ఇదొక్కటి మాత్రం వదలడానికి లేదు.

ఇక మీ అసలు ప్రశ్న. డబ్బుంది కదా, మరి ఎందుకిలా?

ఈ ప్రశ్న మీకన్నా ముందు ఒక ఊరంతా వేసుకుంది. ఆస్ట్రియాలో వియన్నా దగ్గర మరీన్‌తాల్ అనే చిన్న ఊరు. ఊరి బతుకంతా ఒక్క బట్టల మిల్లు మీదే. 1929, 30 సంవత్సరాల్లో ఆ మిల్లు మూతపడింది. ఊళ్లో ఉన్న 478 కుటుంబాల్లో చాలావాటికి ఒక్కసారే పని పోయింది. మేరీ యహోదా, పాల్ లాజార్స్‌ఫెల్డ్, హాన్స్ జైజెల్ అనే ముగ్గురు పరిశోధకులు, వాళ్లతో ఇంకొంతమంది కుర్రవాళ్లు, 1931-32లో అక్కడికి వెళ్లి నెలల తరబడి ఊరిని గమనించారు. యహోదాకి అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు.

అప్పటిదాకా చాలామంది అనుకున్నదేమిటంటే, పని లేనివాడికి ఖాళీ దొరుకుతుంది, కడుపు నిండకపోయినా చదువుకుంటాడు, మీటింగులకి వెళ్తాడు, తిరగబడతాడు అని. అక్కడ జరిగింది వేరు. గ్రంథాలయంలో పుస్తకాలకి రుసుము ఎత్తేసినా జనం తీసుకెళ్లే పుస్తకాలు దాదాపు సగానికి పడిపోయాయి. వీధిలో మనుషులు ఎంత వేగంగా నడుస్తున్నారో కిటికీలోంచి గడియారం పెట్టి లెక్కేశారు. మగవాళ్లు ఆడవాళ్లకన్నా నెమ్మదిగా, మధ్యమధ్య ఆగుతూ నడుస్తున్నారు. వంద మంది మగవాళ్లని చూస్తే 88 మంది చేతికి వాచీ లేదు.

మీ వాచీ సంగతి చదివినప్పుడు నాకు ఠక్కున గుర్తొచ్చింది ఆ 88 మందే.

ఇంకో పని కూడా చేశారు వాళ్లు. రోజంతా గంట గంటకీ ఏం చేశారో రాయమని ఊరివాళ్లకి కాగితాలిచ్చారు. ఒకాయన పొద్దున లేవడం రాశాడు, పిల్లల్ని బడికి పంపడం రాశాడు, ఆ తర్వాత గంటల దగ్గర ఏం రాయాలో తోచక, ‘ఈలోగా మధ్యాహ్నం అవుతుంది’ అన్నట్టు రాశాడు. మీరు 19 ఏళ్లు గంట గంటకీ లాగ్ బుక్ నింపారు. స్టీమ్ ప్రెషర్ ఎంత, ఫీడ్ వాటర్ ఎంత, బ్లో డౌన్ ఎప్పుడు ఇచ్చారు, కింద సంతకం. ఒక్క గంట ఖాళీ వదిలితే ఇన్‌చార్జి ఊరుకునేవాడా? అలాంటి చేతికి ఒకరోజు పొద్దున్నే అన్ని గడులూ ఖాళీగా ఉన్న పుస్తకం ఇచ్చారు. రెండోరోజూ అదే, రెండువందల రోజులుగా అదే. మనిషి తడబడటంలో వింతేముంది?

యహోదా ఆ తర్వాత యాభై ఏళ్లు దీని గురించే ఆలోచించి, 1982లో ఒక పుస్తకంలో తేల్చి చెప్పింది. ఉద్యోగం జీతంతో పాటు మనకి తెలియకుండానే ఐదు ఇస్తుందంటుంది ఆవిడ: రోజుకో కట్టుబాటు, ఇంటివాళ్లు కాని మనుషులతో కలయిక, మన ఒక్కరి కన్నా పెద్దదైన పనిలో పాలు, నలుగురిలో ఒక గుర్తింపు, చేతికి ఎప్పుడూ ఒక పని. మీ ఉత్తరంలో ఈ ఐదూ ఉన్నాయి. ఐదూ పది బస్సు మొదటిది. బస్సులో పక్కసీటు ఆయన రెండోది. మీ స్టీమ్ ఆగితే ప్లాంటంతా ఆగుతుందన్న గర్వం మూడోది, రెండో పేజీలో ఆ మాట మీరే రాశారు. ఎదురింటాయన ప్రశ్నకి చెప్పడానికి జవాబు ఉండటం నాలుగోది. ఐదోది చెప్పనక్కర్లేదు, రిమోట్ పట్టుకున్న చేతిని అడగండి. సెటిల్‌మెంట్‌లో మీకు జీతం లెక్క కట్టి ఇచ్చారు. ఈ ఐదింటికీ ఎవరూ లెక్క కట్టలేదు.

దీనికి ఎదురు వాదన కూడా ఉంది. డేవిడ్ ఫ్రయర్ అనే సైకాలజిస్టు, ఇదంతా కాదు, డబ్బు లేకపోవడమూ, దానివల్ల రేపటికి ఏ ప్లానూ వేసుకోలేకపోవడమే అసలు కష్టం అన్నాడు. ఆయన మాట కొట్టిపారేసేది కాదు. మీ దగ్గర 11 లక్షలున్నాయి, నిజమే. కానీ అవి తరిగే డబ్బు, పెరిగేది కాదు. ప్రతి నెలా ఆ అంకె చిన్నదవడం చూస్తూ, పాప ఇంజనీరింగ్ ఫీజుకి రేపు ఏం చేస్తానో అని ఆలోచిస్తుంటే, డబ్బు ఉన్నా లేనట్టే ఉంటుంది. కాబట్టి డబ్బు సమస్యే కాదని మీరు మిమ్మల్ని మీరు తిట్టుకోవడంలో కూడా కాస్త తప్పు లెక్క ఉంది.

మన పక్కనే బంగ్లాదేశ్‌లో, కాక్స్ బజార్ దగ్గర రోహింగ్యా శరణార్థుల శిబిరంలో ఈమధ్య ఒక పరీక్ష పెట్టారు, 2022లో అచ్చయింది. 745 మందిని తీసుకుని కొందరికి ఒక చిన్న పని, దానికి కూలీ ఇచ్చారు. ఇంకొందరికి పనేమీ లేకుండా అంతే డబ్బు ఇచ్చారు. పని దొరికినవాళ్ల మనసు కుదుటపడింది. ఊరికే డబ్బు అందినవాళ్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆఖర్న, ఇంకో వారం కూలీ లేకుండా చేస్తారా అంటే, పని చేసినవాళ్లలో మూడింట రెండొంతుల మంది చేస్తామన్నారు. చేతిలో చిల్లిగవ్వ లేని శరణార్థులు! మీరు ‘డబ్బుండి కూడా’ అని సిగ్గుపడుతున్నారు కాబట్టి ఇది చెప్పాను.

‘నేనే బలహీనుణ్ణేమో’ అని కూడా రాశారు. జర్మనీలో పాల్, మోజర్ అనే ఇద్దరు సైకాలజిస్టులు వందల పరిశోధనలని కలిపి 2009లో లెక్కలు తీశారు. పనిలో ఉన్నవాళ్లలో నూటికి 16 మందికి మానసికంగా ఇబ్బంది ఉంటే, పని పోయినవాళ్లలో అది 34. ముందే కుంగినవాడికి ఉద్యోగం పోతుందేమో, లెక్క తిరగేసి చూస్తున్నామేమో అన్న అనుమానం సహజంగా వస్తుంది. దాన్నీ చూశారు. ఫ్యాక్టరీ మూసేస్తే మంచి పనివాడూ, చెడ్డ పనివాడూ అందరూ బయటికొస్తారు కదా, వాళ్లలో కూడా దెబ్బ కనిపించింది. మళ్లీ పని దొరికినవాళ్లు కోలుకోవడమూ కనిపించింది. ఈ రెండో మాట గట్టిగా పట్టుకోండి.

ఇప్పుడు ఇంటి సంగతి. ఇది మీ చేతిలో ఉన్నది, దహేజ్ కోసమో బావమరిది కోసమో ఆగనక్కర్లేనిది.

మరీన్‌తాల్‌లో ఆడవాళ్లకి మిల్లు పని పోయినా పొయ్యి, పిల్లలు, బట్టలు మిగిలాయి. వాళ్ల రోజు చెదిరిపోలేదు. ఏ పనీ లేని మొగుడు మధ్యాహ్నం భోజనానికి వేళకి రాడని వాళ్లు విసుక్కునేవాళ్లు! మీ ఇంట్లోనూ రోజు ఉన్నది మీ ఆవిడకే. పదింటి నుంచి ఒంటిగంట దాకా ఆవిడ గిరాకీ వేళ. ఆ వేళకి మీరు హాల్లో ఉన్నారు. దీన్ని మీరు ‘నా వల్ల ఆమె సంపాదనా పోతోంది’ అని ఏడుపుగా రాశారు. నాకు అది కుర్చీ ఎక్కడ వేయాలన్న సమస్యలా కనిపిస్తోంది. పొద్దున తొమ్మిదిన్నరకి స్నానం చేసి బయటికి వెళ్లండి, ఒకటికి రండి. ఎక్కడికన్నది మీ ఇష్టం. ద్వారకానగర్‌లో పబ్లిక్ లైబ్రరీ ఉంది, రానూపోనూ బస్సులోనే మీ పొద్దు సగం గడుస్తుంది, అది కూడా మంచిదే. లేదా మీ ఆవిడకి కావలసిన లైనింగ్ గుడ్డ, హుక్కులు, ఫాల్స్ తెచ్చే పని గాజువాక మార్కెట్లో మీరు చూసుకోవచ్చు. కొందరు మగవాళ్లకి ఇది చిన్నతనంగా ఉంటుంది. ఉంటే వద్దు, లైబ్రరీకే వెళ్లండి. అటు వెళ్లినరోజు వాచీకి బ్యాటరీ కూడా వేయించండి.

మా నాన్నగారు వాల్తేరు లోకో షెడ్డులో ఫైర్‌మన్‌గా మొదలుపెట్టి డ్రైవరుగా రిటైరయ్యారు. మర్నాడు తెల్లారే యూనిఫాం ఇస్త్రీ చేయమని అమ్మని అడిగారు. అందరం నవ్వాం. ఇప్పుడు ఆలోచిస్తే నవ్వు రాదు. ఆయన దగ్గరే ఒక సంగతి విన్నాను, మీకు నాకన్నా బాగా తెలిసినదే. బాయిలర్లో నీటి మట్టం చూపించే గేజ్ గ్లాసులో నీళ్లు కనిపించకుండా పోతే కంగారుపడి నీళ్లు వదలకూడదు. కాలిపోతున్న షెల్ మీద చన్నీళ్లు పడితే బాయిలర్ పేలుతుంది. ముందు మంట ఆపేయాలి, చల్లారనివ్వాలి, తర్వాతే నీళ్లు.

మీ బావమరిది టిఫిన్ సెంటర్ మాట చదువుతుంటే ఇదే గుర్తొచ్చింది. వ్యాపారం చెడ్డదని కాదు. కూర్మన్నపాలెంలో షిఫ్టులకి వెళ్లేవాళ్లున్నారు, ఇడ్లీ అమ్ముడుపోతుంది. మీరు రాసిన కారణమే నన్ను ఆపింది: ‘కనీసం ఓనర్ అని చెప్పుకోవచ్చు’. ఎదురింటాయనకి జవాబు చెప్పడానికి ఆరు లక్షలు చాలా ఎక్కువ. మూడున్నరకి లేచి పిండి చూసుకునేది ఎవరు, మాస్టరు రానిరోజు దోసె వేసేది ఎవరు, నష్టం వస్తే మీ ఆవిడకీ ఆవిడ తమ్ముడికీ మధ్య నిలబడేది ఎవరు? పెట్టాలనే ఉంటే డబ్బు పెట్టకుండా రెండు నెలలు అలాంటి సెంటర్‌లో కౌంటర్లో కూర్చుని చూడొచ్చు. బావమరిది దానికి ఒప్పుకోకపోతే, ఆయనకి కావలసింది మీ చేయో మీ చెక్కో తెలిసిపోతుంది. లాభం: మీ ఊళ్లోనే, ఇంటి దగ్గరే ఉంటారు. నష్టం: పోతే డబ్బుతో పాటు చుట్టరికం కూడా పోతుంది.

సెక్యూరిటీ ఉద్యోగం గురించి ఎక్కువ చెప్పను. ఏ పనైనా ఖాళీగా ఉండటం కన్నా నయమే అంటారు పెద్దలు. ఆస్ట్రేలియాలో కొన్నేళ్లపాటు వేల మందిని వెంట ఉండి చూసి, 2011లో ఒక సంగతి రాశారు. ఒత్తిడి ఎక్కువ, తన మాట చెల్లదు, రేపు ఉంటుందో లేదో తెలియదు, చేసినదానికి తగ్గ జీతం లేదు, అలాంటి ఉద్యోగంలో చేరినవాళ్ల మనసు ఖాళీగా ఉన్నవాళ్ల కన్నా బాగుపడలేదు, కొందరికి ఇంకా దిగజారింది. 12 గంటల డ్యూటీ, దానిమీద కూర్మన్నపాలెం నుంచి మధురవాడకి రానూపోనూ ప్రయాణం. వేరే చోట ఇంటర్వ్యూకి వెళ్లడానికి కూడా మీకు పూట మిగలదు. చేతిలో డబ్బు లేని మనిషికి ఇదే సలహా ఇవ్వలేను, ఆయన చేరక తప్పదు. మీకు ఏడాదిన్నర ఉంది. ఆ ఏడాదిన్నర ఇలాంటివాటికి వద్దు అనడానికే.

దహేజ్ మాటకొద్దాం. ఇది కాస్త తీరిగ్గా చూడాలి. మీ పని మీకు తిరిగి వస్తుంది. లాగ్ బుక్ వస్తుంది, షిఫ్టు వస్తుంది, మీ సంతకానికి విలువ వస్తుంది. యహోదా చెప్పిన ఐదింటిలో నాలుగు ఒక్క దెబ్బకి దొరుకుతాయి. రెండోది, అంటే మనుషులు, అక్కడ ఎలా ఉంటారో చూసుకోవాలి. ఎనిమిది నెలలు ఎవరితోనూ మనసు విప్పకుండా ఉన్న మనిషి, రోజు పైనే రైలు ప్రయాణమున్న చోట, భాష రాని చోట, షేరింగ్ రూములో ఒక్కడే ఉంటే ఆ నాలుగో పేజీ వాక్యం మళ్లీ తలెత్తదని నేను చెప్పలేను. కాబట్టి వెళ్లేముందు డాక్టరు మాట వినండి. మందులు మొదలైతే కొన్ని వారాలు ఇక్కడే ఉండటం మంచిదని ఆయన అనొచ్చు.

పాపకి ఇంటర్ పరీక్షలు దగ్గర పడ్డాయి. పరీక్షలయ్యాక చేరతానని అడగొచ్చు. చట్టం ప్రకారం సర్టిఫికెట్ ఉన్న మనిషి బాయిలర్ దగ్గర ఉండి తీరాలి కాబట్టి మీరు అడుక్కునేవారు కాదు, వాళ్లకీ మీ అవసరం ఉంది. ఒప్పుకోకపోతే ఆ అవకాశం పోతుంది, అదీ లెక్కలో వేసుకోండి. వెళ్తే ఎన్నాళ్లకని ఇంట్లో ముందే మాట్లాడుకోండి. ఏడాదా, పాప ఇంజనీరింగ్ అయ్యేదాకానా? ‘చూద్దాం’ అని వెళ్లినవాళ్ల ఇళ్లలో ఆ చూద్దాం చాలా పొడుగవుతుంది.

నాలుగోది, ఇక్కడే ఆగడం. హాల్లో ఆగడం వేరు, వెతుకుతూ ఆగడం వేరు. మీరు వెతికినవన్నీ పరవాడ, అచ్యుతాపురం పెద్ద మందుల యూనిట్లే. స్టీమ్ వాడేది మందుల ఫ్యాక్టరీలేనా? డెయిరీలు, చక్కెర మిల్లులు, ఉప్పుడు బియ్యం మిల్లులు, పెద్ద ఆసుపత్రుల లాండ్రీలు, ఇవి ఒక్కటీ మీ లిస్టులో లేవు. పూర్తి ఉద్యోగం కాకపోయినా, సెలవు పెట్టినవాడి బదులు వారానికి ఒక షిఫ్టు దొరికినా తీసుకోవచ్చు. బ్రిటన్‌లో 70 వేల పైచిలుకు మందిని చూసిన ఒక పరిశోధన 2019లో వచ్చింది. పని లేనివాళ్లకి వారానికి 8 గంటల పని దొరికినా మనసుకి మేలు కనిపించింది, గంటలు పెరిగేకొద్దీ మేలు పెరిగిందేమీ లేదు. ఒక షిఫ్టు అంటే 8 గంటలే కదా. అందులో జీతం ఇల్లు గడిపేంత ఉండదు, ఆ సంగతి మరిచిపోకండి.

మీ పాత కంపెనీ వాట్సాప్ గ్రూపుని మ్యూట్‌లో పెట్టానన్నారు. ఇప్పుడందులో గుడ్ మార్నింగ్ పువ్వులు తప్ప ఏమీ లేవట. గ్రూపు వదిలేయండి, మనుషుల్ని వదలకండి. నలుగురితో చావు పెళ్లితో సమానమని మనవాళ్లు ఊరికే అనలేదు. ఆండ్రూ క్లార్క్ అనే ఆర్థికవేత్త బ్రిటన్ లెక్కలు తీసి 2003లో రాసింది అదే, చుట్టూ పని పోయినవాళ్లు ఎక్కువ ఉన్నచోట ఒక్కొక్కరికీ ఆ దెబ్బ కాస్త తక్కువగా తగులుతుందని. మీరు 140 మంది. కానీ 140 ఇళ్లలో, 140 హాళ్లలో విడివిడిగా కూర్చున్నారు. ఒక ఆదివారం నలుగురిని గాజువాకలో టీకి పిలవండి. ఉద్యోగాల కబురు కూడా అక్కడే దొరుకుతుంది. దగ్గరి చుట్టాల కన్నా, అప్పుడప్పుడు కలిసేవాళ్ల ద్వారానే ఎక్కువ ఉద్యోగాలు దొరుకుతాయని అమెరికాలో మార్క్ గ్రనొవెటర్ అనే సోషియాలజిస్టు యాభై ఏళ్ల కిందటే చూపించాడు. మీ బావమరిదికి తెలిసినవి మీకూ తెలుసు. పాత స్టోర్స్ కీపర్‌కి తెలిసినవి మీకు తెలియవు.

ఎదురింటాయనకి జవాబు కూడా ఈలోగా సిద్ధం చేసుకోండి. ‘మా యూనిట్ మూసేశారండీ ఏప్రిల్‌లో. వేరేది చూస్తున్నాను. మీకు తెలిసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.’ మూడు వాక్యాలు. మొదటిసారి గొంతు పూడుకుపోతుంది, అద్దం ముందు రెండుసార్లు అనుకోండి. ఆయన తెలిసే అడుగుతున్నాడని మీ అనుమానం. కావచ్చు. అయినా చెప్పేశాక ఆ ప్రశ్న మళ్లీ అడగడానికి ఆయనకి వీలుండదు.

ఆరు పేజీలు రాశాక ఆ రాత్రి నిద్ర పట్టిందని చివర్లో రాశారు. అందులో ఆశ్చర్యం లేదు. ఉద్యోగం పోయిన 63 మందిలో కొందరి చేత ఐదు రోజులు, రోజుకి 20 నిమిషాలు, ఆ పోవడం గురించి మనసులో ఉన్నదంతా రాయించారు, 1994 నాటి అమెరికా సంగతి. అలా రాసినవాళ్లకి మిగతావాళ్ల కన్నా తొందరగా ఉద్యోగాలు దొరికాయి. చిన్న పరిశోధన, దానిమీదే బరువంతా వేయలేం. రాస్తే పోయేదేమీ లేదు కాబట్టి చెబుతున్నాను. స్వీట్ బాక్సు గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు. అక్కడ ఇంకా చాలా ఉందని నాకనిపించింది.

ఇక నాన్నగారు. పండగకి వెళ్లి, నలుగురి మధ్య ఎవరో ‘డ్యూటీ ఎలా ఉంది’ అని అడిగితే అబద్ధం చెప్పి, ఆ అబద్ధాన్ని పిల్లల చేత కూడా మోయించడం ఒక దారి. పాపకి అన్నీ తెలుసు, బాబు నోరు జారుతాడు, భోగి మంట దగ్గరే బయటపడుతుంది. ముందే ఫోన్ చేసి చెప్పడం ఇంకోటి. ఫోన్‌లో ఆయన మొహం మీకు కనపడదు, మీ మొహం ఆయనకి కనపడదు, మీకు అది తేలికేమో. కానీ మీరు వచ్చేదాకా ఆయన ఒక్కరే దాన్ని మోస్తారు. పండగకి రెండు రోజుల ముందు మీరొక్కరే వెళ్లి చెప్పి, తర్వాత ఇంటిల్లిపాదీ రావడం మూడోది. నాకు ఇది కాస్త నచ్చింది, దహేజ్‌కి మాట చెప్పేలోగా ఆయనతో కూర్చోవడానికి వారం రోజులు చిక్కుతాయి.

‘ఎలా చూపించను’ అన్నారు గానీ, మీరు భయపడుతున్న ఆ మనిషి మీ ఇంట్లో అందరికన్నా ముందు గేటుకి వేసిన తాళం చూసినవాడు. మీరప్పుడు చిన్నపిల్లలు, మీకు గుర్తున్నది పస్తు లేకపోవడమే. మిల్లు తెరవని ఆ నెలల్లో తెల్లారి లేచి ఆయన ఎక్కడికి వెళ్లేవారో, ఎవరైనా అడిగితే ఏం చెప్పేవారో మీరు ఉత్తరంలో రాయలేదు. బహుశా ఎప్పుడూ అడిగి ఉండరు. చెప్పాల్సింది చెప్పేశాక, అది అడగండి.